వెనక సీటు లేని కారు

పోయిన నెల అన్నయ్య కొడుకు పుట్టినరోజని శంషాబాద్ వెళ్ళాను. భోజనాలయ్యాక అన్నయ్య తన ఆఫీసు స్నేహితుల మధ్య కూర్చుని ఫోన్లో పాత ఫొటోలు చూపిస్తున్నాడు. ఒక ఫొటో దగ్గర ఆగిపోయాడు. మా పోర్టికోలో జాకీల మీద నిలబెట్టిన ఎర్ర కారు. ముందు చక్రం లేదు. పక్కన మసి చేతులతో అన్నయ్య, గెలిచినవాడిలా. "చూడ్డానికే చిన్నది ఇది. ఇందులో ప్రతి బోల్టూ ఈ చేతులతో విప్పి బిగించిందే" అన్నాడు. అంతటితో ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్ని. నా వైపు చూపించి, "మా లలితను చదివించింది ఈ కారే. రోజూ నేనే దింపి వచ్చేవాణ్ణి. లేకపోతే ఎమ్మే ఎక్కడిది, లెక్చరర్ ఉద్యోగం ఎక్కడిది!" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. "అదృష్టవంతురాలివమ్మా, అలాంటి అన్న ఉండాలి" అన్నాడొకాయన. చేతిలో ఐస్‌క్రీం కప్పుతో నేను నవ్వాను. పదిమందిలో నాకు నోరు పెగలదు. చిన్నప్పటి నుంచీ అంతే. అక్కడ చెప్పలేనివి రాత్రికి డైరీలో రాసుకోవడం అలవాటు. కానీ ఆ నవ్వు మాత్రం డైరీతో అరగలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, ఆ కారంటే నాకు అసహ్యం. మనుషుల మీద కోపం కాలంతో పాటు కరుగుతుందంటారు. వస్తువుల మీది కోపం కరగదు, ఎందుకంటే అవి వచ్చి సంజాయిషీ చెప్పుకోవు. ఆ ఎర్ర రంగు ఇప్పటికీ రోడ్డు మీద ఎక్కడైనా కనిపిస్తే నా ఒళ్ళు దురద పుడుతుంది. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. ఆ దురద సంగతి తర్వాత చెబుతాను.

మాది తెనాలి వైపు ఊరు. నాన్నకు కొత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉద్యోగం రావడంతో నా చిన్నతనంలోనే శంషాబాద్ వచ్చి స్థిరపడ్డాం. నేను కాలేజీకొచ్చే నాటికి మా కాలనీ మీదుగా విమానాలు తిరగడం మొదలైంది. వాటికి ఇంట్లో ఎవరి పద్ధతిలో వాళ్ళం అలవాటుపడ్డాం. విమానం నెత్తి మీదికి వస్తే నాన్న మాట మధ్యలో ఆపేసేవారు. అది దాటిపోయాక, ఏ అక్షరం దగ్గర ఆపారో అక్కడి నుంచే అందుకునేవారు. ఎదుటివాళ్ళు ఆ సందులో ఏదైనా అన్నా దాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు. అమ్మ మాత్రం ఆ చప్పుడులోనే తనకు కావలసినవి అనేసుకునేది. పోపు గింజలు చిటపటలాడుతుండగా, పైన విమానం ఉరుముతుండగా, అమ్మ పెదవులు కదిలేవి. ఏమంటోందో మాకెవరికీ తెలిసేది కాదు. తెలుసుకోవాలని అడిగినవాళ్ళూ లేరు.

మా ఇంటి ముందు రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే కొత్తది పోసేవారు. రోడ్డు ఎదుగుతూ పోయింది, మా ఇల్లు దిగుతూ పోయింది. వానాకాలంలో నీళ్ళు లోపలికి రాకుండా నాన్న గేటు దగ్గర సిమెంటుతో ఎత్తుగా ఒక గట్టు కట్టించారు. ఒంటె మూపురంలా ఉండేది. ఆ గట్టంటే నాన్నకు గర్వం. వాన వచ్చినప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని, అవతల ఆగిపోయిన నీళ్ళను చూస్తూ కాఫీ తాగేవారు.

ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయి. సిటీలో ఒక మహిళా కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకుంటానన్నాను. అంత పొడుగు వాక్యం నాన్నతో మాట్లాడటం అదే మొదటిసారి కావచ్చు. "ఆడపిల్లను హాస్టల్లో పడేయాల్సిన ఖర్మ మనకేం పట్టింది?" అన్నారు నాన్న. పదిహేను రోజులు తిరక్కుండా ఆ ఎర్ర కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. బంధువులందరికీ ఫోన్లు చేసి, "లలిత చదువు కోసం కారు తీసుకున్నామండీ" అని చెప్పారు. అన్నయ్యకు ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం, మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున నన్ను కాలేజీలో దింపి, వచ్చి డ్యూటీకి వెళ్ళాలని ఏర్పాటు. సాయంత్రం నేను బస్సులో రావాలి. హాస్టల్ మాట ఇంక ఎత్తడానికి లేదు. ఎత్తితే, "కారుంది కదా" అన్న జవాబు సిద్ధంగా ఉండేది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి కొన్ని నెలలు బాగున్నాయి. అప్పుడది అందరి కార్ల లాంటి కారే. బూడిదరంగు గుడ్డ సీటు, ఎండకు కాస్త పుల్లటి వాసన వేసేది. నేను వెనక ఎడమ వైపు కిటికీ దగ్గర కాళ్ళు ముడుచుకుని కూర్చుని లైబ్రరీ పుస్తకం తీసేదాన్ని. ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే నాకు పండగ. ఇంట్లో పుస్తకం పట్టుకుంటే ఎవరో ఒకరు ఏదో ఒక పని చెప్పేవారు. కార్లో ఎవరూ పిలవరు. అన్నయ్య పాటలు పెట్టుకునేవాడు, నేను చదువుకునేదాన్ని. ఆ ఇంట్లో నాదంటూ ఉన్న చోటు ఇంటి బయట, నాలుగు చక్రాల మీద ఉండేది.

తర్వాత యాదగిరి వచ్చాడు. తుక్కుగూడ అతను, అన్నయ్యతో పాటే కార్గోలో పనిచేసేవాడు. ఔటర్ రింగ్ రోడ్డు కింద వాళ్ళ నాయన పొలం పోయి డబ్బు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక కారు ఉండేదట. ఒక ఆదివారం మా పోర్టికోలో కారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని చూసి, "ఏందన్నా గిది? గుడికి పోయే ఆంటీ లెక్క పోతుంది. జర సౌండ్ రావాలె, జర కిందికి కూసోవాలె. ఇంజనైతే మస్తుంది, నువ్వే దానికి చీర కట్టి కూసోవెట్టినవ్" అన్నాడు. అన్నయ్య మొహం చూశాను. ఎవరో తన పెళ్ళాన్ని వెక్కిరించినట్టు ఎర్రబడింది. ఆ రోజు నుంచి మాకు ఆదివారాలు లేవు.

మొదట సైలెన్సర్ పోయింది. దాని బదులు లావాటి గొట్టం ఒకటి వెల్డింగ్ చేయించారు. స్టార్ట్ చేస్తే వంటింట్లో గిన్నెలు మూతలతో సహా కదిలేవి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ మారింది, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పాము బుస కొట్టినట్టు చప్పుడు. తర్వాత వెడల్పు టైర్లు. అవి పట్టడం లేదని మడ్‌గార్డు అంచులు కొట్టి మడిచారు. చివరికి ఒక ఆదివారం చక్రాలన్నీ ఊడదీసి, స్ప్రింగులు బయటికి లాగి, గ్రైండర్‌తో వాటిని చుట్టు చొప్పున కోశారు. నిప్పురవ్వలు తులసికోట దాకా ఎగిరాయి. కారు మళ్ళీ నేలకు దిగినప్పుడు, దాని కిందికి మా పక్కింటి పిల్లి కూడా దూరలేకపోయింది. యాదగిరి చప్పట్లు కొట్టాడు. "ఇగ గిప్పుడు మగోని లెక్కున్నది."

పక్కింటి సలోమి అక్క దవాఖానలో నర్సు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో ప్రార్థన కూటం ఉండేది. అప్పుడే వీళ్ళు ఇంజన్ పరీక్షించేవారు. ఒకరోజు ఆమె బైబిలు చేతిలో అలాగే పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"ఓ రవీ! దేవుని మాట ఇనవడ్తలేదు మాకు. నీ గొట్టం మాటే ఇనవడ్తుంది."

అన్నయ్య కారు కింద నుంచి బయటికి రాలేదు. యాదగిరే జవాబిచ్చాడు. "అక్కా, పైన విమానం పోతే ఏమనవు, మేం జర రేస్ చేస్తే పరేషాన్ అయితవు?"

"విమానం ఊరికి పోతది బిడ్డా. మీరు ఏడికి పోతున్రు? పొద్దుగాల నుంచి ఈడనే ఉన్నరు."

నేను కిటికీ వెనక నిలబడి ఆ మాట విన్నాను. ఆ రోజు నాకు ఆమె మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

దురద సంగతి చెబుతానన్నాను. ముందు బంపర్ బయట కొంటే అందరి కారులాగే ఉంటుందని అన్నయ్య ఫైబర్‌తో ఇంట్లోనే తయారు చేయడం మొదలుపెట్టాడు. దానికి రెసిన్ అనే జిగురు కలపడానికి అమ్మ ఆవకాయ కలిపే పెద్ద బేసిన్ తీసుకున్నాడు. అడగలేదు. ఆ వాసన గురించి ఎలా చెప్పాలో తెలియదు. నెయిల్ పాలిష్, కిరోసిన్, కాలిన ప్లాస్టిక్ కలిసి ముక్కులోకి దిగబడినట్టుండేది. పెరుగన్నంలో ఆ వాసన, దిండు గలీబులో ఆ వాసన, నా పుస్తకాల్లో ఆ వాసన. ఎండిన ఫైబర్‌ను ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు తెల్లటి పొడి లేచేది. అది ఉత్త పొడి కాదు, గాజు నూలు. పోర్టికో పక్కనే మా బట్టలారేసే తీగ. నా చుడీదార్లు, చున్నీలు ఆ పొడి పీల్చుకునేవి. క్లాసులో కూర్చుంటే మెడ దగ్గర, మోచేతుల దగ్గర సూదులు గుచ్చినట్టు మంట. అసలే ఎవరైనా చూస్తేనే ముడుచుకుపోయే పిల్లను, వరుస మధ్యలో కూర్చుని గోక్కుంటూ ఉంటే ఎలా ఉంటుంది? వెనక బెంచీ అమ్మాయిలు నాకు పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఇంటికొచ్చి చెబితే అన్నయ్య నవ్వాడు. "పౌడర్ రాసుకోవే, పోతుంది." అమ్మ బేసిన్ అడుగున రెసిన్ గట్టిపడి రాయిలా అతుక్కుపోయింది. కొబ్బరి పీచుతో, తర్వాత అట్లకాడతో గీకి చూసింది. రాలేదు. ఆ ఏడు ఆవకాయ చిన్న గిన్నెల్లో విడివిడిగా కలిపింది. ఏ గిన్నె ఉప్పు దానిదే అయింది. తింటూ నాన్న, "ఈసారి ఉప్పు సమంగా లేదే" అన్నారు. అప్పుడే పైన విమానం వచ్చింది. అమ్మ పెదవులు చాలాసేపు కదిలాయి.

నాన్న మీద నా కోపం వేరు రకం. ఆయన అన్నయ్యను తిట్టేవారు, కానీ కుర్చీ పోర్టికోలోనే వేసుకునేవారు. పేపరు చదువుతున్నట్టు కూర్చుని, "ఆ నట్టు సరిగ్గా బిగించావా?" అని అడిగేవారు. కాలనీ వాళ్ళు ఆగి చూస్తే, "మావాడికి ఇదో పిచ్చిలెండి" అనేవారు. ఆ మాటలో ఉన్న మురిపెం నా మార్కుల గురించి చెప్పేటప్పుడు ఉండేది కాదు. రాష్ట్రం గురించి గొడవలు జరుగుతున్న రోజులవి. బంద్ అంటే నాకు కాలేజీ లేదు, వాళ్ళకు రోడ్డు ఖాళీ. "మా తెలంగాణ రానీ అన్నా, మీ అండీలకు ఈడ జాగ ఉండది" అనేవాడు యాదగిరి చక్రం బిగిస్తూ. "అయితే ఆ పానా ఇటివ్వండీ, వెళ్ళిపోతామండీ" అనేవాడు అన్నయ్య. ఇద్దరూ నవ్వుకుని, కారు తీసుకుని ఎయిర్‌పోర్టు రోడ్డెక్కేవారు. రెండు ప్రాంతాల వాళ్ళు తగువు లేకుండా కలిసింది ఆ కారు కిందేనని అన్నయ్య ఇప్పుడు కథగా చెబుతాడు. నిజమే కావచ్చు. వాళ్ళిద్దరూ కలిసింది నా సీటు మీద.

డిగ్రీ చివరి ఏడు మొదట్లో ఒక ఉదయం పుస్తకాలు పట్టుకుని వచ్చి వెనక తలుపు తీశాను. సీటు లేదు. రంగు లేని రేకు, వైర్లు, మూలన ఎప్పుడో నేను పారేసుకున్న హెయిర్‌పిన్. "బరువు తగ్గించాలి లల్లీ" అన్నాడు అన్నయ్య. "వచ్చే నెల రేసుంది. అది కాగానే పెట్టేస్తా. అప్పటిదాకా బస్సులో వెళ్ళు." డ్రైవరు పక్కనుండే ముందు సీటు కూడా అప్పటికే విప్పి ఉంది. దాని బదులు నడుమును పట్టేసే బకెట్ సీటు ఒకటి తానే తయారు చేస్తానన్నాడు. చేశాడు. దానికి మెత్త కావలసి వచ్చింది. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి నా వెనక సీటు పెరట్లో బోర్లా పడి ఉంది. గుడ్డ చీరేసి, లోపలి స్పాంజిని కూరగాయల కత్తితో ముక్కలు కోసుకున్నాడు. తోలు వలిచిన మేకలా ఉంది. ఆ సీటు ఇంక తిరిగి పెట్టడానికి లేదని అన్నయ్యకు తెలుసు. తెలిసే కోశాడు.

ముందు సీటు తయారయ్యాక కూడా అన్నయ్య దింపుతాననలేదు, ఆ ఏడంతా బస్సులో వెళ్ళాను. హైవే దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి ఆరాంఘర్, అక్కడ మళ్ళీ ఇంకో బస్సు. నాన్న తెల్లారకముందే ఫ్యాక్టరీ బస్సెక్కి వెళ్ళిపోయేవారు. కారు వెనక అద్దాలకు నల్ల కాగితం అంటించి ఉండేది, ఆయన లెక్కలో నేను కార్లోనే కాలేజీకి వెళుతున్నాను. అమ్మ నాకు చిల్లర ఇస్తూ ఏమీ అనేది కాదు. ఏమనుకునేదో ఆ ఆకాశానికి తెలియాలి.

డిగ్రీ అయ్యాక ఎమ్మే తెలుగుకు ఎంట్రన్స్ రాశాను. ర్యాంకు వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం నగరానికి అవతలి కొసన ఉంది. మా ఇంటి నుంచి బస్సుల్లో రోజూ వెళ్ళి రావడమంటే చదువు బస్సులోనే అయిపోతుంది. హాస్టల్ దొరికితే ఎమ్మే, లేకపోతే ఇంట్లో కూర్చుని సంబంధాలు చూసుకోవడం. నా ముందున్నవి ఆ రెండే. నాన్నను అడిగాను. ఆయన పేపరు దించకుండా, "చదువుకో, ఎవరు కాదన్నారు? ఇంటి నుంచే వెళ్ళు. కారుంది కదా" అన్నారు. అన్నయ్య నా వైపు చూడలేదు. కారులో వెనక సీటు లేదని నాన్నతో చెప్పవలసిన మనిషి అతను. చెప్పలేదు.

కౌన్సెలింగ్ రోజు నాన్న సెలవు పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా సర్టిఫికెట్ల సంచి తానే పట్టుకుని పోర్టికోలోకి వచ్చి వెనక తలుపు తీశారు. తీసి అలాగే నిలబడ్డారు.

"సీటేదిరా?"

"తీశాను నాన్నా. బరువని."

"ఎప్పుడు?"

అన్నయ్య వంగి ముందు చక్రం చూడసాగాడు. అంతకుముందే వచ్చి బానెట్ మీద చెయ్యి వేసుకుని నిలబడిన యాదగిరి చేతి మసి తుడుచుకోసాగాడు. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు నాన్నకు అర్థమవుతుంది అనుకున్నాను. నాన్న సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, లోపలికి తిరిగి, "ఏమేవ్, భోజనాల పీట ఒకటి పట్రా" అన్నారు.

అమ్మ పీట తెచ్చింది. నాన్న దాన్ని రేకు మీద వేసి, అటూ ఇటూ కదిపి చూసి, "కూర్చోమ్మా, ఏం కాదు" అన్నారు. కూర్చున్నాను. పట్టుకోవడానికి ఏమీ లేక ముందు సీటు వెనక వేలాడుతున్న బెల్టు పట్టుకున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"అయ్యో చెల్లే" అన్నాడు యాదగిరి, "పీట మీద కూసోవెట్టిన్రంటే పెండ్లే అనుకున్న. గిదేంది, కౌన్సిలింగా?"

అన్నయ్య పగలబడి నవ్వాడు. నాన్న కూడా మీసాల్లో నవ్వారు. నేనది చూశాను.

కారు కదిలింది. అన్నయ్య ఒక్కడే ఉన్నప్పుడు గట్టు మీద ఏటవాలుగా, మెల్లగా ఎక్కించి దాటించేవాడు. ఇప్పుడు ముగ్గురం. ముందు చక్రాలు గట్టు దాటాయో లేదో కింద పెద్ద చప్పుడైంది. కారు కడుపు సిమెంటు మీద కూర్చుండిపోయింది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. అన్నయ్య రేస్ చేస్తున్నకొద్దీ పొగ, క్లచ్ మాడిన కంపు. కాలనీ వాళ్ళు గేట్ల దగ్గరికి వచ్చారు. సలోమి అక్క రాత్రి డ్యూటీ దిగి అప్పుడే సందు మలుపు తిరిగి వస్తోంది.

"బరువెక్కువైంది" అన్నాడు అన్నయ్య.

నాన్న ముందు సీట్లోంచి కదల్లేదు. ఆ బకెట్ సీటు ఆయన నడుముకు పట్టేసింది. తల కొంచెం తిప్పి, "అమ్మాయ్, నువ్వు దిగు. తేలికవుతుంది" అన్నారు.

దిగాను. యాదగిరి వెనక బంపర్ పట్టుకుని ఎత్తాడు. కారు గీరుకుంటూ ఒక్క ఉదుటున రోడ్డు మీద పడింది. ఆ లావాటి గొట్టం సగానికి ఊడి గట్టు ఇవతల మిగిలిపోయింది. గొట్టం కూడా లేని ఇంజన్ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను. చెవుల్లో మేకులు కొట్టినట్టుంది. నాన్న లోపలి నుంచే చెయ్యి వెనక్కి చాపి తలుపు తోశారు. "ఎక్కమ్మా, టైమవుతోంది!"

తలుపు తెరిచి ఉంది. లోపల పీట బోర్లా పడి ఉంది. నేను దిగితేనే కదిలిన బండి అది. కిటికీలోంచి చెయ్యి పెట్టి నాన్న ఒళ్ళోని సర్టిఫికెట్ల సంచి తీసుకున్నాను. తీసుకుని హైవే వైపు నడిచాను. "లలితా!" అని వెనక నుంచి ఒక కేక, తర్వాత ఇంకొకటి. నేను ఆగలేదు.

"ఏంది బిడ్డా, గట్ల పోతున్నవ్?" అంది సలోమి అక్క ఎదురై.

"బస్సుకు అక్కా."

ఆమె ఒకసారి మా గేటు వైపు చూసింది. నాతో పాటు వెనక్కి తిరిగి, హైవే దాకా వచ్చి, నిండుగా ఉన్న షేర్ ఆటోను ఆపి, "జర జరగున్రి, పిల్ల పరీచ్చకు పోతుంది" అని అందరినీ సర్ది నన్ను ఎక్కించింది.

ఎమ్మే సీటు వచ్చింది. హాస్టల్ కావాలా అని అడిగితే కావాలన్నాను. చేర్చడానికి ఇంటి పెద్ద ఎవరైనా స్వయంగా రావాలన్నారు. ఆ సాయంత్రం నుంచి నాన్న నాతో మాట్లాడటం మానేశారు. "దీని వల్లే గొట్టం పోయింది, రేసు పోయింది" అని అన్నయ్య అందరితో చెప్పాడు. ఇంట్లో ఎవరి కంచం వాళ్ళు తీసుకుని తలొక మూలా తిన్నాం. చేరాల్సిన రోజు పొద్దున అమ్మ మంచి చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. "పద."

"నాన్నతో చెప్పావా?"

"చెప్పాను. అప్పుడే విమానం వెళుతోంది. వినిపించిందో లేదో మరి."

అమ్మ నగరంలో అంత దూరం బస్సులో ఎప్పుడూ వెళ్ళలేదు. దారంతా ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకునే ఉంది. హాస్టల్లో వార్డెన్ "తండ్రిగారు రాలేదా?" అని అడిగితే, "ఆయనకు కారు పనుంది" అంది. నవ్వకుండా అంది.

ఇప్పుడు మా అన్నయ్య తెల్లటి పెద్ద కారు నడుపుతాడు. స్టార్ట్ అయిందో లేదో పక్కనున్న మనిషికి కూడా తెలియదు. కొడుకు పాఠాలు చదువుకోవాలని వెనక సీట్లో చిన్న బల్ల బిగించాడు, దీపం పెట్టించాడు. పాపం వాడు, తండ్రి ఒకప్పుడు ఏం చేశాడో వాడికేం తెలుసు. కాలనీ రోడ్డు మరో జానెడు లేచింది. సలోమి అక్క వాళ్ళు జల్‌పల్లి వైపు వెళ్ళిపోయారు. నా క్లాసులో కూడా రోజూ దూరం నుంచి వచ్చే అమ్మాయిలున్నారు. "ఇంట్లో కారుందండీ, మా అన్నయ్య దింపుతాడు" అని ఏ పిల్లయినా అంటే నాకు సంతోషం కలగదు. సీటు సంగతి ఏమిటని అడగాలనిపిస్తుంది. నాన్నకు వయసు మీద పడింది, మెత్తబడ్డారు, నా చేతి కాఫీ అడిగి తాగుతారు. మేమంతా మర్యాదగా ఉంటాం. క్షమించడమంటే ఇదేనని కొందరంటారు. కాదు. ఇది మర్యాద.

ఎందుకంటే వాళ్ళు అంతటితో వదల్లేదు. హాస్టల్లో చేరిన కొద్ది వారాలకు ఒక ఆదివారం మధ్యాహ్నం. గదిలో అమ్మాయిలం తలలు ఆరబెట్టుకుంటున్నాం. ఎక్కడో దూరంగా, మెయిన్ గేటు అవతల, ఆ చప్పుడు వినిపించింది. నేను దువ్వెన కింద పెట్టాను. అది దగ్గరవుతున్నకొద్దీ కిటికీ అద్దాలు అదిరాయి. అమ్మాయిలంతా వరండాల్లోకి పరిగెత్తారు. "ఎవరే, ఎవరే?" అని నవ్వులు. కారు హాస్టల్ మెట్ల ముందే వచ్చి ఆగింది. నాన్న దిగారు. ఇస్త్రీ చొక్కా. అన్నయ్య స్టీరింగ్ దగ్గరే కూర్చుని, ఇంజన్ చచ్చిపోకుండా కాలితో నొక్కిపట్టి రేస్ చేస్తూనే ఉన్నాడు.

నేను మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను. మూడంతస్తుల నుంచి అందరూ చూస్తున్నారు. నాన్న వెనక తలుపు తీసి చూపించారు. లోపల సీటు. కొత్తది, నల్లది, మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. ఆయన నోరు కదులుతోంది. చప్పుడులో ముక్కలుగానే అందింది. "...సీటు వేయించాను... హాస్టల్ ఎందుకింక... సామాను సర్దుకో..."

"నేను రాను" అన్నాను.

నాన్న చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వినపడలేదు. అన్నయ్య కాలు తీయలేదు. ఇంకోసారి అన్నాను. అదీ వినపడలేదు. నా గొంతు ఎంత చిన్నదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. దాని మీద నమ్మకంతోనే వాళ్ళు అంతదూరం వచ్చారు.

అప్పుడు అరిచాను. పుట్టి బుద్ధెరిగాక అలా అరవలేదు. "నేను రాను! నాకు మీ సీటు అక్కర్లేదు!"

పై అంతస్తుల్లో నవ్వులు ఆగిపోయాయి. అన్నయ్య ఇంజన్ ఆపేశాడు. ఎంత నిశ్శబ్దమంటే, కారు కింద వేడి ఇనుము చల్లారుతున్న టిక్కుటిక్కులు వినిపించాయి.

"ఏమన్నావు?" అన్నారు నాన్న.

మళ్ళీ చెప్పాను. ఈసారి మామూలుగా, నా గొంతుతోనే. ఆయన వెనక తలుపు వైపు తిరిగారు. తర్వాత వెళ్ళి కార్లో కూర్చున్నారు, వెనక, ఆ కొత్త సీట్లో. అన్నయ్య తాళం తిప్పాడు. ఇంజన్ కాస్త మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు, ఆ మూలుగూ పోయింది. చివరికి నాన్న దిగి, చొక్కా చేతులు మడుచుకుని, వెనక నుంచి తోయడం మొదలుపెట్టారు. అక్కడ కొంచెం ఎత్తు. అన్నయ్య కూడా దిగి తోసినా వాళ్ళిద్దరి వల్లా కావడం లేదు. నాన్న ఒకసారి తలెత్తి మెట్ల వైపు చూశారు.

నేను మెట్లు దిగలేదు.